సమాధులు చెప్పే చరిత్ర

పాఠ్యభాగ పరిచయం

ఊరి చరిత్ర కోటలలోను, దేవాలయాలలోను, తామ్రశాసనాలలోను మాత్రమే నిక్షిప్తమై ఉంటుందని చాలామంది భావిస్తారు. ఊరి వెలుపల ముళ్ళపొదల నడుమ నిలిచి ఉన్న పాత శ్మశానవాటిక కూడా చరిత్రకు ఆధారమే. అక్కడి రాళ్ళపై చెక్కిన పేర్లు, తేదీలు, భాషలు, చిహ్నాలు ఆ ఊరికి ఎవరు వచ్చారో, ఏ వృత్తిలో జీవించారో, ఏ వ్యాధికి బలి అయ్యారో తెలియజేస్తాయి. ఈ ప్రాచీనావశేషాలు ఏ విధంగా నశిస్తున్నాయో, వాటిని సర్వే చేసి నమోదు చేయడం ఎలాగో, సంరక్షణలో పాటించవలసిన నియమాలు ఏవో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మరణించినవారిని గౌరవించడం మానవ నాగరికత తొలి లక్షణాలలో ఒకటి. దహనం, ఖననం అనే రెండు పద్ధతులూ తెలుగుదేశంలో అనాదిగా ఉన్నాయి. ఇనుపయుగం నాటి ప్రజలు తమవారిని పాతిపెట్టి, ఆ చోట పెద్దపెద్ద రాతిపలకలతో గదుల వంటి నిర్మాణాలు చేశారు. చుట్టూ గుండ్రాళ్ళను వలయంగా పేర్చారు. వాటిని కట్టినవారెవరో తెలియని తరువాతి తరాలవారు అంత బరువైన బండలను మనుషులు ఎత్తలేరని తలచి వాటికి 'రాక్షసగుళ్ళు' అని పేరు పెట్టుకున్నారు. తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల గ్రామంలో కృష్ణానది సమీపాన ఉన్న నిలువురాళ్ళు ఈ బృహచ్ఛిలా సంస్కృతికి చెందినవే. ఈ ప్రదేశం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చోటు సంపాదించుకున్నది.

చారిత్రక యుగంలో కూడా సమాధులకు తెలుగువారి జీవితంలో గౌరవస్థానమే ఉన్నది. కటారుపల్లిలోని వేమన సమాధి, కందిమల్లాయపల్లెలోని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి, మంత్రాలయంలోని రాఘవేంద్రస్వామి బృందావనం నేటికీ నిత్యం జనం దర్శించే స్థలాలు. ముస్లిముల ఖబరస్తానులు, క్రైస్తవుల సమాధుల తోటలు, వీరశైవుల రుద్రభూములు ఊరూరా ఉన్నాయి. మహనీయుల సమాధులకు భక్తులు కాపలాదారులు. రాజుల సమాధులకు ప్రభుత్వం కాపలాదారు. ఈ రెండింటికీ చెందని సామాన్య శ్మశానవాటికలకే అండ కరవైనది.

సముద్రతీరాన శిలాక్షరాలు

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం తూర్పుతీరంలోని ప్రధాన రేవుపట్టణం. కలంకారీ అద్దకపు బట్టలు, సన్నని నేతవస్త్రాలు ఇక్కడి నుండి దూరదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఈ వర్తకం కోసమే 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో డచ్చివారు ఇక్కడ అడుగుపెట్టారు. ఆంగ్లేయుల ఓడ 'గ్లోబ్' 1611లో ఇక్కడికి చేరింది. 1669లో ఫ్రెంచివారు వచ్చారు. వచ్చినవారందరూ తిరిగి స్వదేశాలకు చేరలేదు. పడని వాతావరణం వల్ల, జ్వరాల వల్ల, ఓడప్రమాదాల వల్ల మరణించినవారు ఈ నేలలోనే కలిసిపోయారు. మచిలీపట్నంలోని డచ్చి శ్మశానవాటిక వారి చివరి మజిలీ. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలాలలో ఇది ఒకటి.

ఇక్కడి రాతిపలకలు పరిశీలనార్హమైనవి. సామాన్యంగా శాసనాలలో అక్షరాలను రాతిలోనికి తొలిచి చెక్కుతారు. డచ్చి సమాధిపలకలపై అక్షరాలు ఉబ్బెత్తుగా పైకి తేలి ఉంటాయి. అక్షరం చుట్టూ ఉన్న రాతినంతటినీ చెక్కివేస్తేనే అక్షరం పైకి తేలుతుంది. గట్టిరాతిపై ఈ పని చేయడానికి ఎంతో ఓర్పు, నైపుణ్యం కావాలి. వంశచిహ్నాలు, లతలు, మానవ కపాలాలు కూడా అదే పనితనంతో చెక్కి ఉంటాయి. తమిళనాడులోని పులికాట్‌లో గల డచ్చి శ్మశానవాటిక ద్వారానికి ఇరువైపులా అస్థిపంజరాల శిల్పాలు నిలిచి, లోనికి వచ్చేవారికి జీవితం అశాశ్వతమని గుర్తుచేస్తాయి. విశాఖపట్నానికి ఉత్తరాన ఉన్న భీమునిపట్నంలో కూడా సముద్రానికి చేరువలో డచ్చివారి సమాధులు ఉన్నాయి. 1824లో జరిగిన ఆంగ్ల-డచ్చి సంధి ననుసరించి 1825లో భీమునిపట్నం, పులికాట్ ఆంగ్లేయుల వశమయ్యాయి. డచ్చివారి పాలన పోయింది. వారి రాళ్ళు మిగిలాయి.

లోతట్టు ప్రాంతాలలోనూ ఇటువంటి సాక్ష్యాలు ఉన్నాయి. దత్తమండలాలలో రైత్వారీ పద్ధతిని ప్రవేశపెట్టిన సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా ఉంటూ 1827 జులై 6న పత్తికొండ వద్ద కలరా సోకి మరణించాడు. ఆయనను గుత్తిలో ఖననం చేశారు. 1831లో ఆయన అవశేషాలను మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఉన్న సెయింట్ మేరీ చర్చికి తరలించారు. రాజధానిలోని గవర్నరును సైతం కలరా విడిచిపెట్టలేదన్న సత్యాన్ని గుత్తి దుర్గం నీడలోని సమాధులు చెబుతాయి.

హైదరాబాదులో సరూర్‌నగర్ ప్రాంతంలో గుట్టపై ఉన్న రేమండ్ సమాధి మరొక ఉదాహరణ. ఫ్రాన్సుకు చెందిన ఈ సేనాని రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో పనిచేసి 1798 మార్చి 25న కన్నుమూశాడు. నగరంలోని మూసారాంబాగ్ పేరు ఈయన పేరు నుండి ఏర్పడినదే. నల్లరాతితో నిర్మించిన సూదిమొన స్తంభం మీద ఆయన పేరును సూచించే రెండు అక్షరాలు తప్ప దీర్ఘమైన శాసనం ఏదీ లేదు. చెంతనే ఉన్న మండపం వర్షాలకు కూలిపోగా దానిని తిరిగి నిర్మించవలసి వచ్చింది. స్థలనామానికీ సమాధికీ ఉన్న సంబంధం తెలియకపోతే ఊరిపేరు అర్థం లేని శబ్దంగానే మిగులుతుంది.

ఎందుకు కాపాడాలి?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఎదురవుతుంది. వర్తకం పేరుతో వచ్చి పాలకులై కూర్చున్న విదేశీయుల సమాధులను కాపాడవలసిన అవసరం ఏమిటి? నగరాలలో బతికున్నవారికే చోటు కరవైనప్పుడు మరణించినవారికి ఎకరాల కొద్దీ భూమి ఎందుకు? ఈ ప్రశ్నలను తోసిపుచ్చడం తగదు. వాటికి సమాధానం చెప్పడం అవసరం.

సమాధిని కాపాడడం అంటే అందులో ఉన్న వ్యక్తి చేసిన పనులను మెచ్చుకోవడం కాదు. ఒక దస్తావేజును భద్రపరచినంత మాత్రాన అందులోని షరతులను అంగీకరించినట్లు కాదు కదా! సమాధిశిల కూడా దస్తావేజు వంటిదే. పైగా ఆ రాళ్ళను చెక్కిన పనివారిలో స్థానికులు కూడా ఉన్నారు. వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. వారి ఉలిదెబ్బలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ రాయి పోతే వారి పనితనానికి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. అక్కడ సేనానులు, వర్తకులు మాత్రమే లేరు. పురిటిలో మరణించిన తల్లులు, ఏడాది నిండని పసిబిడ్డలు ఉన్నారు. ఒక శ్మశానవాటికలోని జననమరణాల తేదీలను వరుసగా రాసి చూస్తే ఆనాటి శిశుమరణాల తీవ్రత కళ్ళకు కడుతుంది. ఒకే నెలలో అనేక మరణాలు కనిపిస్తే అంటువ్యాధినో, యుద్ధాన్నో, ప్రకృతి వైపరీత్యాన్నో అనుమానించి ఇతర ఆధారాలు వెదకవచ్చు.

ఇక భూమి విషయం. పాత శ్మశానవాటికలు దట్టమైన పట్టణాల నడుమ చెట్లకు, పక్షులకు ఆశ్రయమైన ఖాళీ స్థలాలు. శుభ్రపరచి ప్రహరీ కట్టి సంరక్షిస్తే అవి ప్రజలకు ఉపయోగపడతాయి. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఏ స్థలాన్నైనా మార్చవలసిన అగత్యమే ఏర్పడితే, అక్కడ ఏమున్నదో ముందుగా నమోదు చేసి తీరాలి. నమోదు లేని నిర్మూలనం చరిత్రను రెండుసార్లు పాతిపెట్టడంతో సమానం.

చరిత్రను సేకరించినవారి సమాధులను గురించి ఇక్కడ చెప్పుకోవడం సముచితం. కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య మొదలైన తెలుగు పండితుల సహాయంతో గ్రామ కైఫీయతులను, శాసనాలను సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో మరణించాడు. ఆయన సమాధి కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది. వేమన పద్యాలను ప్రకటించి, తెలుగు నిఘంటువులు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో మరణించాడు. ఆయనను కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కడపలో బ్రౌన్ నివసించిన చోట వెలసిన గ్రంథాలయాన్ని గౌరవించే తెలుగువారికి దూరదేశంలోని ఆయన సమాధి కూడా ఆత్మీయమే. అదే విధంగా మచిలీపట్నంలోని ఒక పలక హాలెండులోని ఏదో ఒక కుటుంబానికి ఆత్మీయం కావచ్చు. ఒకరి స్మృతిని కాపాడేవారు తమ స్మృతిని ఇతరులు కాపాడాలని కోరే అర్హత పొందుతారు.

సర్వే: మూడు దశలు

సమాధుల సంరక్షణలో అత్యవసరమైన తొలిపని మరమ్మతు కాదు, నమోదు. ఈ సంగతిని పూర్వులు గ్రహించారు. ఇండియన్ సివిల్ సర్వీసుకు చెందిన జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు రాజధానిలోని సమాధులపై, స్మారకచిహ్నాలపై ఉన్న శాసనాలను సేకరించి 1905లో ఒక పట్టికను ప్రకటించాడు. కాటన్ గ్రంథంలో తెలుగు జిల్లాలలోని శాసనాలు కూడా చోటుచేసుకున్నాయి. 1976లో థియోన్ విల్కిన్సన్ చొరవతో దక్షిణ ఆసియాలోని యూరోపియన్ శ్మశానవాటికల కోసం బ్రిటన్‌లో ఒక సంఘం ఏర్పడి, శాసనాల వివరాలను సేకరించి భద్రపరుస్తున్నది. రాయి అరిగినా పట్టికలోని పాఠం నిలుస్తుంది. కాని ఇటువంటి పట్టికలు ప్రధానంగా యూరోపియన్ల సమాధులకు పరిమితమైనవి. ఊరిలోని ఇతర శ్మశానవాటికల నమోదు ఆయా ఊళ్ళవారే చేపట్టవలసిన పని.

సర్వేను మూడు దశలుగా విభజించుకోవచ్చు. మొదటిది పూర్వపరిశీలన. ఆ స్థలం ఎవరి ఆధీనంలో ఉన్నదో తెలుసుకొని వారి అనుమతి పొందాలి. చర్చి కమిటీ, వక్ఫ్ బోర్డు, పురపాలక సంఘం, గ్రామపంచాయతి, పురావస్తు శాఖ వీటిలో ఏదైనా కావచ్చు. చర్చిలోని ఖనన రిజిస్టర్లు, రెవెన్యూ కార్యాలయంలోని గ్రామపటం, పాత గెజిటీర్లు ముందుగా చూడాలి. ఊరిలోని వృద్ధులను, కాటికాపరులను, గోరీలు తవ్వేవారిని కలిసి మాట్లాడాలి. కాగితాలపై లేని సమాచారం వారి జ్ఞాపకంలో ఉంటుంది.

రెండవది క్షేత్రపరిశీలన. వర్షాకాలంలో పొదలు పెరిగి, పాముల భయం ఉంటుంది కనుక శీతకాలం అనువైనది. ఒంటరిగా వెళ్ళరాదు. ముందుగా స్థలాన్ని వరుసలుగా విభజించి, కాగితంపై పటం గీసి, ప్రతి సమాధికి ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య పటంపైనే ఉండాలి. రంగుతో రాతిపై రాయకూడదు. ప్రతి సమాధికి ప్రత్యేకంగా ఒక పత్రం కేటాయించి ఆకారం, కొలతలు, కట్టుబడికి వాడిన పదార్థం, దిక్కు, శాసనభాష, ప్రస్తుత స్థితి నమోదు చేయాలి. దిక్కు చిన్న విషయం కాదు. మక్కా పడమటి దిశన ఉన్నందున ఈ దేశంలో ముస్లిముల గోరీలు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. క్రైస్తవ సంప్రదాయంలో తల పడమరకు, పాదాలు తూర్పుకు ఉంచడం పాత అలవాటు. శాసనం పూర్తిగా చెరిగిపోయిన చోట దిక్కు ఒక్కటే ఆధారం కావచ్చు. అయినా దిక్కును మాత్రమే చూసి తుదినిర్ణయానికి రాకూడదు.

శాసనాన్ని ఉన్నది ఉన్నట్లుగా, పంక్తి తరువాత పంక్తిగా ఎత్తిరాయాలి. చెక్కినవాని తప్పును కూడా దిద్దకూడదు. కనిపించని అక్షరాల చోట చుక్కలు పెట్టాలి తప్ప ఊహించి పూరించరాదు. ఊహను పత్రంలో వేరుగా రాయవచ్చు. అరిగిన అక్షరాలు మధ్యాహ్నపు ఎండలో కనిపించవు. ఉదయమో, సాయంత్రమో ఏటవాలు వెలుతురులో నీడలు పడి అవి స్పష్టమవుతాయి. ఆ వేళకు వెళ్ళలేనప్పుడు అద్దంతో సూర్యకాంతిని పక్కనుండి రాతిపైకి మళ్ళించవచ్చు. ఫోటో తీసేటప్పుడు రాతి పక్కన కొలబద్ద ఉంచాలి. అక్షరాలు కనిపించడానికి సుద్దముక్కతో రుద్దడం, పిండి చల్లడం, నూనె పూయడం వంటివి చేయకూడదు. కాగితం అద్ది సిరాతో శాసనం నకలు తీయడం శిక్షణ పొందిన శాసన పరిశోధకుల పని.

మూడవది సమన్వయం. సేకరించిన వివరాలను రిజిస్టర్లతో పోల్చి చూడాలి. ఇక్కడ తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం. అందులో సుమారు 354 రోజులే ఉంటాయి. హిజ్రీ సంఖ్యకు 622 కలిపితే క్రీస్తుశకం వస్తుందనుకోవడం పొరపాటు. హైదరాబాదు నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా హిజ్రీ 1020లో మరణించాడు. దానికి 622 కలిపితే 1642 అవుతుంది. నిజానికి ఆయన మరణించినది 1612 జనవరిలో. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి, ఆ లబ్ధానికి 622 కలిపితే సుమారు 1611.4 వస్తుంది. అంటే సరియైన కాలానికి చేరువవుతాము. చిన్న లెక్క తప్పితే 30 సంవత్సరాల చరిత్ర తారుమారవుతుంది. సర్వే పూర్తయిన తరువాత పత్రాల ప్రతులను ఒకేచోట ఉంచకుండా స్థల యాజమాన్యానికి ఒకటి, గ్రంథాలయానికి ఒకటి, కళాశాలకు ఒకటి అందజేయాలి.

సంరక్షణలో వివేకం

పాత సమాధులకు ఉపేక్ష వల్ల ఎంత హాని జరుగుతుందో, తెలియక చేసే ఉపకారం వల్ల కూడా అంత హాని జరుగుతుంది. శుభ్రం చేయాలనే ఉత్సాహంతో ఇనుపతీగల కుంచెతో రుద్దినా, ఆమ్లం పోసినా మురికితో పాటు అక్షరాలు కూడా పోతాయి. దృఢంగా ఉన్న రాతిని మంచినీటితో తడిపి, మెత్తని కుంచెతో తుడిస్తే చాలు. పొరలుగా ఊడిపోతున్న రాతిని అసలు తాకకుండా నిపుణులకు తెలియజేయాలి.

మరొక పొరపాటు సిమెంటు వాడకం. పాత కట్టడాలను సున్నపు గారతో నిర్మించారు. గార మెత్తనిది, గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు కఠినమైనది, తేమను లోపలే బంధిస్తుంది. బయటికి పోలేని తేమ, దానిలోని లవణాలు రాతి అంచులను, ఇటుకలను తినివేస్తాయి. అతుకు గట్టిగానే ఉంటుంది, అతికిన రాయి మాత్రం రాలిపోతుంది. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల సముదాయంలో 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి చేపట్టిన జీర్ణోద్ధరణ ఇందుకు మంచి పాఠం. పూర్వపు మరమ్మతులలో వాడిన సిమెంటును తొలగించి, సంప్రదాయ పద్ధతిలో తయారుచేసిన సున్నపు గారను వాడారు. సుమారు ఒక దశాబ్దం పట్టిన ఈ పని 2024లో ముగిసింది. అక్కడి బడీ బావి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. రాళ్ళతోపాటు సున్నపు పని తెలిసిన మేస్త్రీల విద్య కూడా బతకడం ఈ కృషిలోని మరొక ప్రయోజనం.

చెట్ల విషయంలోనూ వివేకం కావాలి. రావి, మర్రి, జువ్వి మొక్కలు పక్షుల వల్ల గోడల పగుళ్ళలో మొలుస్తాయి. లేతగా ఉన్నప్పుడే తీసివేస్తే సులభం. వేళ్ళు రాళ్ళ సందుల్లో అల్లుకున్న తరువాత బలంగా లాగితే రాళ్ళే ఊడిపడతాయి. అటువంటప్పుడు కొమ్మలను నరికి, వేళ్ళను నిదానంగా ఎండనిచ్చి, రాళ్ళను తిరిగి అమర్చుకుంటూ పనిచేయాలి. నీడనిచ్చే పెద్దచెట్లను ఊరికే కొట్టివేయడం సంరక్షణ కాదు.

చట్టం కూడా ఈ విషయంలో కొంత రక్షణ కల్పించింది. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల ప్రాచీన కట్టడాలను ధ్వంసం చేయడం, వికృతపరచడం నేరం. 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరొక 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో, తెలంగాణలో 2017లో రాష్ట్ర స్థాయి చట్టాలు వచ్చాయి. అయితే ఈ చట్టాలు రక్షిత జాబితాలో చేరిన స్థలాలకే పూర్తిగా వర్తిస్తాయి. జాబితాలో లేని వందలాది శ్మశానవాటికలకు ప్రజల శ్రద్ధే రక్షణ. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి పరిరక్షించడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

రాయి లేనివారి చరిత్ర

సమాధిశిలలను మాత్రమే లెక్కించి ఊరి చరిత్ర పూర్తయిందనుకోవడం సరికాదు. రాయి చెక్కించడానికి ధనం కావాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. వారిలో అత్యధికులకు పేరు చెక్కిన పలక లేదు. జాలరులు, నేతగాళ్ళు, కూలీలు, సేవకులు పేరు లేకుండానే మట్టిలో కలిసిపోయారు. అందువలన సర్వేలో శాసనం ఉన్న గోరీలతోపాటు మట్టిదిబ్బలను, పాతిన గుండ్రాళ్ళను, వరుస మధ్యలో ఖాళీగా కనిపించే చోట్లను కూడా పటంపై గుర్తించాలి. 'ఇక్కడ శాసనం లేదు' అని రాయడం కూడా నమోదే. ఆ ఒక్క వాక్యం రేపటి రోడ్డు పనివారి పారను ఆపవచ్చు.

ఈ పని చేసేవారు మరువరాని నియమం ఒకటి ఉన్నది. శ్మశానవాటిక పరిశోధకునికి చరిత్ర కావచ్చు. ఆ ఊరివారికి అది తమ తల్లిదండ్రులు నిద్రించే చోటు. ప్రార్థనలు, అంత్యక్రియలు జరిగే సమయంలో సర్వే నిలిపివేయాలి. పాదరక్షల విషయంలో అక్కడి ఆచారాన్ని పాటించాలి. ఇటీవలి సమాధులలోని పేర్లను కుటుంబసభ్యుల సమ్మతి లేకుండా ప్రకటించరాదు. సమాధిని తవ్వడం, అస్థికలను కదిలించడం, విరిగిన పలకముక్కను జ్ఞాపికగా ఇంటికి తీసుకుపోవడం నేరమే కాక అమర్యాద కూడా.

కళాశాల విద్యార్థులు చేయదగిన పని ఇది. దీనికి గొప్ప పరికరాలు అక్కరలేదు. కొలత టేపు, పుస్తకం, పెన్సిలు, మెత్తని కుంచె, కెమెరా ఉన్న ఫోను, వృద్ధుల మాటలు వినే ఓపిక ఉంటే చాలు. ఉర్దూ, పారశీక శాసనాలకు ఆ భాషలు తెలిసిన అధ్యాపకుల సాయం, ఆంగ్ల శాసనాలకు సహాధ్యాయుల సాయం తీసుకోవచ్చు. ప్రతి వర్షాకాలానికి కొన్ని అక్షరాలు అరిగిపోతూనే ఉంటాయి. ఈ ఏడు చదవగలిగిన పేరు మరికొన్నేళ్ళకు చదవరాకపోవచ్చు. దానిని నేడే రాసిపెట్టడం మరణించినవారికి చేసే సేవ మాత్రమే కాదు. తమ ఊరు ఎలా ఏర్పడిందని రేపు అడగబోయే పిల్లలకు ముందుగా సిద్ధం చేసే సమాధానం.

కఠిన పదాలు – అర్థాలు

ఖననం : పాతిపెట్టుట
నిక్షిప్తం : దాచబడినది
బృహచ్ఛిల : పెద్ద రాయి
రుద్రభూమి : శ్మశానం
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
దస్తావేజు : వ్రాతపూర్వకమైన పత్రం
కైఫీయతు : గ్రామ వృత్తాంతం
దత్తమండలాలు : నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన జిల్లాలు, రాయలసీమ ప్రాంతం
గార : సున్నం, ఇసుక కలిపి నూరిన అడుసు
జీర్ణోద్ధరణ : శిథిలమైనదానిని బాగుచేయుట
ఉప్పెన : సముద్రం పొంగి భూమిపైకి వచ్చుట
ఉపేక్ష : పట్టించుకోకపోవుట

వ్యాకరణాంశాలు

సంధులు
శిలాక్షరాలు = శిలా + అక్షరాలు – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
జీర్ణోద్ధరణ = జీర్ణ + ఉద్ధరణ – గుణ సంధి

సమాసాలు
జననమరణాలు – జననమును, మరణమును – ద్వంద్వ సమాసం
మూడు దశలు – మూడు సంఖ్య గల దశలు – ద్విగు సమాసం
ప్రాచీనావశేషాలు – ప్రాచీనమైన అవశేషాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పాత శ్మశానవాటికలు స్థానిక చరిత్రకు ఏ విధంగా ఆధారాలవుతాయో పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. సమాధుల సర్వేలోని మూడు దశలను గురించి రాయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. విదేశీయుల సమాధులను ఎందుకు కాపాడాలి?
2. పాత కట్టడాలకు సిమెంటు వాడకం ఎందుకు హానికరం?
3. శాసనం లేని సమాధులను కూడా ఎందుకు నమోదు చేయాలి?
4. డచ్చి సమాధిపలకలలోని శిల్పవిశేషం ఏమిటి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. థామస్ మన్రో ఎక్కడ మరణించాడు?
2. కాలిన్ మెకంజీ సమాధి ఎక్కడ ఉన్నది?
3. కాటన్ సమాధి శాసనాల పట్టిక ఏ సంవత్సరంలో వెలువడింది?
4. భీమునిపట్నం ఆంగ్లేయుల వశమైనది ఎప్పుడు?

IV. ప్రాజెక్టు పని
నలుగురైదుగురు విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి, యాజమాన్యం అనుమతితో తమ ఊరిలోని ఒక పాత శ్మశానవాటిక పటాన్ని గీసి, పది సమాధుల వివరాలను నమోదు చేసి, ఆ ప్రతిని కళాశాల గ్రంథాలయానికి అందజేయండి.